సిల్వరు అంతా ఒక్కటి కాదు



మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో అల్యూమినియం అనే మాట బడి పుస్తకంలోనే ఎక్కువగా వినిపిస్తుంది. ఇంట్లో మాత్రం దానిని సిల్వరు అంటారు, కొందరు సత్తు అంటారు. అన్నం వండే తపేలా సిల్వరు. పాలక్యాను సిల్వరు. మామిడితోటలో నిచ్చెన సిల్వరు. చేను మీదుగా పోయే కరెంటు తీగె సిల్వరు. మందుకొట్టే యంత్రంలో సగం భాగాలు సిల్వరు. "సిల్వరంటే సిల్వరే గదన్నా, యాడ కొన్నా ఒకటే" అని మనవాళ్ళు అనుకోవడం కద్దు.

అది ఒకటే కాదు. ఈనాటి ప్రసంగంలో నేను చెప్పదలచినది ముఖ్యంగా ఇదే. ఒకే పేరుతో పిలుస్తున్న ఈ తెల్లని లోహంలో పదుల కొద్దీ రకాలున్నాయి. వేరుసెనగలో రకాలున్నట్లే, వరిలో రకాలున్నట్లే. ఏ నేలకు ఏ విత్తనమో తెలిసిన రైతుకు ఏ పనికి ఏ సిల్వరో తెలియడం కష్టం కాదు. తెలియని యెడల నష్టం మాత్రం చిన్నది కాదు. ఇరవై ఇళ్ళవాళ్ళు తలా రెండు లీటర్లు పోస్తే ఒక నలభై లీటర్ల క్యాను నిండుతుంది. ఆ క్యాను అంచు పగిలి, పగులులో పాలమడ్డి చేరితే, ఇరవై ఇళ్ళ పాలూ ఒక్కసారిగా విరిగిపోతాయి. వానలు తప్పి చేను ఎండిన సంవత్సరంలో మన పల్లెలను నిలబెట్టేది ఆవు పాలే అన్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

ముందుగా ఈ లోహం గుణం చూద్దాం. దీనిని చవకగా తీసే పద్ధతిని 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ అనే ఇద్దరు ఎవరికి వారుగా కనిపెట్టారు. అంతకు ముందు ఇది చాలా ఖరీదైన వస్తువు. ఆ తరువాత పన్నెండేళ్ళకే, అంటే 1898లో, మద్రాసులోని స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో దాని అధికారి ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అల్యూమినియం పాత్రలు చేయించడం మొదలుపెట్టారు. అప్పటికి మన చిత్తూరు జిల్లా ఏర్పడలేదు. అది ఏర్పడింది 1911లో. ఈ ఛాటర్టనే బావుల మీద ఆయిలు ఇంజన్లు, పంపులు పెట్టించే పనికి కూడా మద్రాసు రాజధానిలో పూనుకున్నారు. అంటే మన వంటింటి సిల్వరుకూ, మన బావి మీది ఇంజనుకూ తొలిరోజుల్లో ఒకే మనిషి చేయి ఉన్నదన్నమాట.

ఈ లోహం తేలిక. ఒక లీటరు చెంబంత ఇనుము ముద్ద సుమారు ఏడు కిలోల ఎనిమిది వందల గ్రాములు తూగితే, అంతే పరిమాణం గల అల్యూమినియం రెండు కిలోల ఏడు వందల గ్రాములే తూగుతుంది. వేడిని, కరెంటును బాగా పారనిస్తుంది. తుప్పు పట్టదని అంటాం. నిజానికి దానికీ ఒక రకం తుప్పు పడుతుంది. గాలి తగిలిన క్షణంలోనే దాని ఒంటిమీద సన్నని పొర ఏర్పడుతుంది. ఆ పొర మందం మన వెంట్రుక మందంలో పదివేలో వంతు కూడా ఉండదు. ఇనుము తుప్పు పొరలు పొరలుగా రాలిపోతుంది. ఈ పొర రాలదు, గట్టిగా అంటుకొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. గీత పడితే మళ్ళీ తానే పూడ్చుకుంటుంది. అల్యూమినియం మన్నికంతా ఈ పొరలోనే ఉన్నది. దీనికి శత్రువులు రెండు: ఒకటి గట్టి పులుపు, రెండవది గట్టి క్షారం. చింతపండు పులుసు మొదటి దానికి ఉదాహరణ. చాకలి సోడా, సున్నం, బూడిద నీళ్ళు రెండవ దానికి ఉదాహరణ. ఈ రెండింటి మధ్యనున్న వాటితో, అంటే మంచినీళ్ళు, పచ్చిపాలు, అన్నం, పప్పు వంటి వాటితో, ఏ భయమూ లేదు.

అయితే కలితీ లేని అల్యూమినియం మెత్తన. మేలిమి బంగారంతో నగ చేయించుకుంటే వంగిపోతుందని కంసాలి కొంచెం రాగి కలుపుతాడు గదా. అదే విధంగా అల్యూమినియంలో కూడా పనిని బట్టి వేరే లోహాలు కొద్దికొద్దిగా కలుపుతారు. అట్లా కలిపిన దానిని మిశ్రలోహం అంటారు. ఏది కలిపారో, ఎంత కలిపారో దానిని బట్టి గుణం మారిపోతుంది.

ఒక లెక్క చెబుతాను. ఒక చదరపు మిల్లీమీటరు మందం గల తీగెను వేలాడదీసి బరువులు కట్టుతున్నామనుకోండి. కలితీ లేని మెత్తని అల్యూమినియం తీగె సుమారు 9 కిలోలకు తెగుతుంది. నూటికి ఒక వంతు మాంగనీసు కలిపి, కొంత సాగగొట్టిన రేకు 15 కిలోల దాకా ఆగుతుంది. నూటికి రెండున్నర వంతులు మెగ్నీషియం కలిపి సాగగొట్టినది 26 కిలోల దాకా ఆగుతుంది. మెగ్నీషియం, సిలికాన్ రెండూ కలిపి వేడితో పదును పెట్టినది రకాన్ని బట్టి 24 నుంచి 31 కిలోల దాకా ఆగుతుంది. జింకు, మెగ్నీషియం, రాగి కలిపి పదును పెట్టినది 57 కిలోల దాకా ఆగుతుంది. మామూలు మెత్తని ఉక్కు ఆగేది సుమారు 40 కిలోలు. చూశారా! అన్నీ చూపుకు ఒకే తెలుపు. బలం మాత్రం ఒకటికి ఆరింతలు తేడా.

"అట్లయితే అన్నిటికంటే గట్టిదే కొంటే పోదా?" అని మీరు అడగవచ్చు. అక్కడే పొరపాటు పడతాం. 2022లో జిల్లాలు విడిపోయిన తరువాత శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడి నుంచి ఎగిరే జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు పై అంతస్తులో, మంచుకంటే ఎన్నో రెట్లు చల్లనైన ఇంధనం నింపే తొట్లను నూటికి ఆరు వంతులకు పైగా రాగి కలిసిన అల్యూమినియంతో చేస్తారు. అంత చలిలో కూడా ఆ రకం పెళుసెక్కదు. కాని ఆ రేకుతోనే పాలక్యాను చేస్తే నాలుగు కాలాలు నిలవదు. రాగి కలిసినందువల్ల తడి, ఉప్పు తగిలినచోట గుంటలు గుంటలుగా తినేస్తుంది. రాకెట్టుకు మేలైనది పాలకు మేలు కాదు. పొట్టేలు బలిసినదే అయినా కాడికి కట్టలేము గదా.

ఇక బలం వచ్చే దారి కూడా అన్ని రకాలకూ ఒకటి కాదు. మాంగనీసు రకం, మెగ్నీషియం రకం కొట్టిన కొద్దీ, సాగదీసిన కొద్దీ గట్టిపడతాయి. మెగ్నీషియం, సిలికాన్ రెండూ కలిసిన రకాన్ని, రాగి రకాన్ని మాత్రం బాగా వేడిచేసి, చప్పున నీళ్ళలో ముంచి, ఆ తరువాత కొంతకాలం ఉంచితే గట్టిపడతాయి. ఇది మామిడికాయ మాగవేసినట్లు ఉంటుంది. కోసిన నాడు ఒక గుణం, మాగిన తరువాత ఒక గుణం. జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే ఆయన 1906లో ఈ సంగతి కనిపెట్టారు. కాయ ఎక్కువ మాగితే మెత్తబడినట్లే, ఈ లోహం కూడా మితిమీరిన వేడి తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే వెల్డింగు దగ్గర మోసపోము. పదును పెట్టిన నిచ్చెన కాలును వెల్డింగు చేయిస్తే, అతుకు పక్కనున్న లోహం మితిమీరి మాగి, బలం సుమారు సగానికి పడిపోతుంది. అతుకు నున్నగా, అందంగా కనిపిస్తుంది. విరిగేది అతుకు పక్కన.

ఇప్పుడు పనుల వారీగా చూద్దాం. మొదటిది పాలక్యాను.

చిత్తూరులోని సహకార పాల డెయిరీ 2002లో మూతపడింది. అయినా ఈ ప్రాంతంలో పాడి ఆగలేదు. ప్రైవేటు డెయిరీలు ఊరూరా పాలు సేకరిస్తున్నాయి. పెద్ద ఊళ్ళలో పాలను అక్కడికక్కడే చల్లబరచే స్టీలు తొట్లు వచ్చాయి. అయినా పాడిరైతు గడప నుంచి కేంద్రం దాకా పాలు నడిచేది చాలాచోట్ల సిల్వరు క్యానులోనే. అందుకు కారణం ఉన్నది. పాలు చల్లబడాలంటే వేడి బయటికి పోవాలి. అల్యూమినియం వేడిని స్టెయిన్‌లెస్ స్టీలు కంటే పదింతలకు పైగా సులువుగా పారనిస్తుంది. సాయంత్రం పిండిన పాలను క్యానులో పోసి, క్యానును మెడవరకు చన్నీళ్ళ తొట్టిలో నిలిపి, నడుమ నడుమ శుభ్రమైన గరిటెతో కలిపితే పాలు తొందరగా చల్లబడతాయి. ఈ సదుపాయం ఉన్న క్యానును ఎండలో నిలబెట్టడం దానిని కొన్న లాభం పోగొట్టుకోవడమే. లోపలికి కూడా వేడి అంతే సులువుగా పోతుంది గనుక ఎండలో పెట్టిన క్యానుకు తడి గోనె కప్పడం మరువకండి.

క్యాను కొనేటప్పుడు అల్యూమినియం పాలక్యాన్లకు మన దేశంలో ప్రత్యేకంగా ఉన్న ప్రమాణం ఐ.ఎస్. 1825 ప్రకారం చేసినదేనా అని అడగండి. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదేమో చూడండి. లోపల చేయి పెట్టి తడమండి. మూలలు గుండ్రంగా, నున్నగా ఉండాలి. మడతలు, సందులు ఉండకూడదు. చేతికి తగిలే సందు పాలమడ్డికి ఇల్లు. అంచు మందంగా ఉండాలి, ఎందుకంటే దెబ్బలన్నీ తగిలేది అంచుకే. ఇంకొక సంగతి. ఇనుమును ఒక హద్దులోపల ఎన్నిసార్లు ఊపినా అది పగలదు. అల్యూమినియంకు అట్టి హద్దు లేదు. కొంచెం కొంచెం ఊగినా, లక్షలసార్లు ఊగితే ఒకనాడు పగులుతుంది. ఆటోలో గతుకుల బాట మీద ఒకదానికొకటి కొట్టుకుంటూ పోయే క్యాన్లకు పిడి దగ్గర, అడుగు చుట్టు దగ్గర పగుళ్ళు వచ్చేది ఇందువల్లనే. మధ్యన పాత టైరు ముక్కలో, గోనెపట్టలో పెట్టి కదలకుండా కట్టండి. ఖర్చు లేని పని, క్యాను ఆయుష్షు పెరిగే పని.

పగిలిన క్యానును ఏం చేయాలి? సీసంతో టంకం వేయించవద్దు. సీసం విషం. బజారులో దొరికే జిగురు ముద్దలు పాలు తగిలేచోట పెట్టవద్దు. అల్యూమినియం వెల్డింగు తెలిసినవాని వద్దకే పోవాలి. ఇనుము కరగబోయే ముందు ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది, కాని పగటి వెలుతురులో రంగు మారదు. తెలియని వాడు మంట పెడితే చెప్పాపెట్టకుండా రంధ్రం పడుతుంది. అతుకు తీగె కూడా రేకుకు జతపడాలి. మెగ్నీషియం ఎక్కువగా ఉన్న రేకుకు మెగ్నీషియం కలిసిన తీగెనే వాడాలి. సిలికాన్ తీగె వాడితే అక్కడ అతుకు పెళుసెక్కుతుంది. గ్యాసు వెల్డింగుకు వాడే పొడి మిగిలిపోతే లోహాన్ని తినేస్తుంది కనుక, అతికిన వెంటనే వేడినీళ్ళతో, కుంచెతో బాగా కడిగించండి.

కడగడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే క్యాన్లు పాలవల్ల చెడవు, కడగడంవల్ల చెడతాయి. పాలు పోసిన వెంటనే మొదట చన్నీళ్ళతో తొలవండి. మొదటనే మరిగే నీళ్ళు పోస్తే పాలు గోడలకు అంటుకొని గట్టిపడతాయి. తరువాత గోరువెచ్చని నీళ్ళలో అల్యూమినియం పాత్రలకు తగిన సబ్బుపొడి వేసి కుంచెతో తోమండి. ఉత్త చాకలి సోడా, బూడిద, ఇసుక వద్దు. సోడా, బూడిద పొరను కరిగిస్తాయి. ఇసుక గీతలు పెడుతుంది, ఆ గీతలలో పాలమడ్డి దాగుతుంది. బ్లీచింగు నీళ్ళు వాడవలసి వస్తే పలుచగా కలిపి, వెంటనే మంచినీళ్ళతో కడిగివేయండి. నిలవ ఉంచితే గుంటలు పడతాయి. చివర మరిగే నీళ్ళతో తడిపి, చెక్కబల్ల మీద బోర్లించి ఆరనివ్వండి. తడి సిమెంటు నేల మీద నిలబెట్టవద్దు. సిమెంటులోని క్షారం అడుగును తినేస్తుంది.

ఇక వంటపాత్రలు. సోదరీమణులు శ్రద్ధగా వినాలి. పాత్రలకు కలితీ లేని అల్యూమినియం గాని, మాంగనీసు రకం గాని తగినది. ఇట్టి పాత్రల లోహానికి కూడా ఐ.ఎస్. 21 అనే ప్రమాణం ఉన్నది. వండడానికి ఇవి మంచివి, నిలవ ఉంచడానికి అన్నీ మంచివి కావు. పులుసు, చారు, మజ్జిగ, పెరుగు, ఊరగాయ, ఉప్పునీళ్ళు రాత్రంతా సిల్వరు గిన్నెలో ఉంచవద్దు. మట్టిపాత్ర, జాడీ, గాజు, స్టీలు వాటికి ఉన్నాయి. లోపల నల్లబడిన తపేలా పాడైపోయిందని భయపడకండి. నీళ్ళలోని ఉప్పులవల్ల పొర రంగు మారుతుంది, అంతే. నిమ్మచెక్క వేసి నీళ్ళు మరిగిస్తే నలుపు విడుస్తుంది.

భయపడవలసినది వేరే ఉన్నది. పాత ఇంజను ముక్కలు, రంగు వేసిన రేకులు, పాత సామాను అన్నీ కలిపి మూసలో కరిగించి పోతపోసిన పాత్రలు కొన్నిచోట్ల అమ్ముతారు. అందులో ఏ లోహం ఎంత ఉన్నదో పోసినవానికి కూడా తెలియదు. పలు దేశాలలో అట్టి పోతపాత్రలను పరీక్షించినపుడు సీసం వంటకంలోకి దిగుతున్నట్లు తేలింది. సీసం ముఖ్యంగా పిల్లల మెదడుకు చేటు. కాబట్టి తయారీదారు పేరు, ప్రమాణపు గుర్తు లేని మోటు పోతపాత్రను పది రూపాయలు తక్కువని వంటకు కొనవద్దు. విస్తరణ ఉద్యోగులు మహిళా సంఘాల సమావేశాలలో ఈ ఒక్క మాట చెప్పినా ఎంతో మేలు చేసినవారవుతారు.

బెల్లం వండేవారికి ఒక మాట. తేలికగా ఉంటుందని బెల్లపు పెనానికి అల్యూమినియం ఆలోచించవద్దు. గడ్డి, పిప్పి మండే ఆ పొయ్యి వేడి ఈ లోహం కరిగే వేడిని దాటగలదు. రసం ఉన్నంతసేపు పెనం బ్రతుకుతుంది. రసం అడుగంటితే పెనం ఉండదు. పైగా రసం తేర్చడానికి సున్నం వేస్తాం, సున్నానికి ఈ లోహానికి పడదు.

తరువాత నీటి గొట్టాలు, నిచ్చెనలు. వేరుసెనగకు తుంపర సేద్యం చేసేవారు ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్కు గొట్టాలే వాడుతున్నారు. అల్యూమినియం గొట్టాలు కొనేవారు వాటికి ఐ.ఎస్. 7092 ప్రమాణం ఉన్నదని తెలుసుకోవాలి. నిచ్చెనలకు, షెడ్డు చట్రాలకు మెగ్నీషియం, సిలికాన్ కలిసిన రకాలు తగినవి. దుకాణాలలో వీటిని హెచ్.ఇ.9, హెచ్.ఇ.30 అంటారు. మొదటిది కిటికీ చట్రాలకు, తేలిక పనులకు. బరువు మోసే పనికి రెండవది. పేరు పక్కన టి6 అని ఉంటే వేడితో పదును పెట్టి మాగించినదని అర్థం. ఓ అనే అక్షరం ఉంటే మెత్తనిదని అర్థం. నిచ్చెనకు మెత్తనిది పనికిరాదు. గిన్నె లాగి చేయడానికి గట్టిది పనికిరాదు, పగులుతుంది.

ఇక్కడ ఒక చిత్రం ఉన్నది. బలంలో ఆరింతల తేడా ఉన్నదని చెప్పాను గాని, ఊగడంలో మాత్రం అన్ని రకాలూ ఒకటే. ఒకే కొలత గల ఇనుప కడ్డీ ఒక అంగుళం వంగేచోట అల్యూమినియం కడ్డీ, ఏ రకమైనా సరే, సుమారు మూడు అంగుళాలు వంగుతుంది. కనుక ఊగే నిచ్చెనకు ఖరీదైన రకం మందు కాదు. వెడల్పైన, లోతైన కమ్మీ మందు. రేకు కొంచెం మందం చేస్తే ఇనుమంత బిగువు వస్తుంది, అప్పటికీ బరువు ఇనుములో సగమే.

ఇప్పుడు ప్రాణానికి సంబంధించిన మాట. అల్యూమినియం కరెంటును పారనిస్తుంది. మామిడితోట మీదుగా, చేను మీదుగా కరెంటు తీగెలు పోతున్నచోట అల్యూమినియం నిచ్చెన గాని, కాయలు కోసే అల్యూమినియం గెడ గాని, ఆరు మీటర్ల గొట్టం గాని నిలువుగా ఎత్తవద్దు. గొట్టంలో తొండ దూరిందనో, పాము దూరిందనో దులపడానికి నిలువుగా ఎత్తి తీగెకు తగిలించి ప్రాణాలు పోగొట్టుకున్నవారు గొట్టాల సేద్యం చేసే దేశాలలో ఎందరో ఉన్నారు. గొట్టాన్ని నేలకు అడ్డంగా పట్టుకొని, ఇద్దరు మోయండి. తీగెల కింద పనికి ఎండిన వెదురు గెడ వాడినా సరే, తీగెకు దగ్గరగా పోవద్దు. అధిక వోల్టేజీ తీగెకు వెదురు కూడా నమ్మకం కాదు.

కరెంటు మాట వచ్చింది గనుక పంపుసెట్టు దగ్గరి తీగెల సంగతి చెబుతాను. రాగి నూటికి నూరు వంతులు కరెంటును పారనిస్తే, అల్యూమినియం 61 వంతులు పారనిస్తుంది. అందుచేత రాగి తీగెకు బదులు అల్యూమినియం వేస్తే మందం ఒకటిన్నర రెట్లకు పైగా ఉండాలి. ఉన్న మందానికే మార్చితే తీగె కాగుతుంది. స్తంభాల మీది పెద్ద లైన్లకు నడుమ ఉక్కు తీగె ఉండి చుట్టూ అల్యూమినియం పేనినవి, లేదా మెగ్నీషియం, సిలికాన్ కలిసిన మిశ్రలోహపు తీగెలు వాడుతారు. ఎందుకంటే ఉత్త అల్యూమినియం తన బరువుకే సాగిపోతుంది.

బోరు దగ్గర స్టార్టరు పెట్టెలో మోటార్లు కాలడానికి ఒక ముఖ్య కారణం అతుకులు. అల్యూమినియం తీగెను రాగి తీగెతో మెలిపెట్టి గుడ్డ చుట్టడం మనవాళ్ళకు అలవాటు. దీనిలో మూడు దోషాలున్నాయి. ఒంటిని కాపాడే ఆ పొరే కరెంటును అడ్డగిస్తుంది. అల్యూమినియం వేడికి రాగికంటే ఎక్కువ వ్యాకోచించి, బిగించిన మర కింద నెమ్మదిగా నలిగి వదులవుతుంది. తడి చేరితే రాగి పక్కన అల్యూమినియం కరిగిపోతుంది. వదులైన ఒక ఫేజు అతుకు కాగి తెగితే మోటారు రెండు ఫేజుల మీద మూలిగి కాలిపోతుంది. కాబట్టి రెండు లోహాలకూ తగిన జంట లగ్గు వేయించండి. తీగె కొసను గీరి, అతుకుకు తగిన లేపనం పూసి, యంత్రంతో నొక్కించండి. సంవత్సరానికి ఒకసారి, సరఫరా పూర్తిగా ఆపించి, లైసెన్సు ఉన్న పనివాని చేత మరలన్నీ బిగింపు చూపించండి. మోటారు చుట్టించే ఖర్చుతో పోలిస్తే లగ్గు ఖర్చు లెక్కలోనిది కాదు.

చివరిది మందుకొట్టే యంత్రం. దీని ఇంజను గుల్ల, పంపు గుల్ల, కార్బురేటరు, పిస్టను ఎక్కువగా సిలికాన్ కలిసిన పోత అల్యూమినియం. సిలికాన్ కలిస్తే కరిగిన లోహం నీళ్ళలా పారి అచ్చులోని సన్నని సందులన్నీ నింపుతుంది. పోతకు మంచిది, వంచడానికి చెడ్డది. పోతపోసిన చెవి వంకరపోతే సుత్తితో సరిచేయబోకండి, టక్కున విరుగుతుంది. ఇక టమాటా తెగుళ్ళకు, మామిడి తెగుళ్ళకు మైలతుత్తము, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం వాడుతాం గదా. మైలతుత్తము ద్రావణంలో ఇనుప మేకు పెడితే ఎర్రగా రాగి పూత పడడం మీరు చూసే ఉంటారు. అల్యూమినియం మీద కూడా అదే జరుగుతుంది. రాగి పడినచోటల్లా గుంట పడుతుంది. కాబట్టి ఆ మందును సిల్వరు బొచ్చెలో కలపవద్దు. మట్టి తొట్టిలో గాని ప్లాస్టిక్కు తొట్టిలో గాని కలపండి. రాగి మందులు ఏవి కొట్టినా పని అయిన వెంటనే యంత్రంలో మంచినీళ్ళు పోసి రెండు మూడుసార్లు కొట్టి కడిగివేయండి. ఆ కడిగిన నీళ్ళు బావిలోకి, చెరువులోకి పోకుండా చూడండి.

విన్నదంతా దుకాణం దగ్గర గుర్తుండాలంటే నాలుగు ప్రశ్నలు చాలు. ఈ వస్తువుకు తగిలేది ఏమిటి: పాలా, పులుపా, క్షారమా, రాగి మందా? దీని మీద పడే బరువు ఎంత, ఊపు ఎంత? దీనిని వంచాలా, అతకాలా, లేక ఉన్నదున్నట్లు వాడాలా? దీని దగ్గరలో కరెంటు ఉన్నదా? ఈ నాలుగింటికి మీ జవాబులు చెప్పి, తగిన రకం ఏదని దుకాణదారుని అడగండి. పేరు గల వస్తువుకు రకం, పదును, ప్రమాణం సంఖ్య ఉంటాయి. "సిల్వరే గదప్పా" అని మాత్రమే జవాబు వస్తే మరొక దుకాణం చూడండి.

పాడైనది పారవేయవద్దు. ఖనిజం నుంచి ఒక కిలో అల్యూమినియం తీయడానికి సుమారు 13 నుంచి 15 యూనిట్ల కరెంటు పడుతుంది. పాతదానిని కరిగించడానికి అందులో నూటికి అయిదు వంతుల శక్తి చాలు. అందుకే పాత సిల్వరుకు ధర ఉన్నది. అమ్మేటప్పుడు తీగె వేరు, రేకు వేరు, పోత ముక్కలు వేరుగా కట్టండి. కలిపేస్తే అన్నిటికీ తక్కువ దాని ధరే కడతారు. వేరుచేస్తే తీగెకు తీగె ధర వస్తుంది. రేపు దానితో చేసే పాత్రలో ఇంజను ముక్క కలవకుండా ఉంటుంది.

ఈవారం పాలకేంద్రానికి పోయేముందు మీ క్యానును ఒకసారి బోర్లించి, వెలుతురులో లోపలి మూలలు, అంచు, పిడి మొదలు చూడండి. వెంట్రుకంత పగులు కనిపిస్తే పాలు పోయడం ఆపి, ముందు దానిని బాగుచేయించండి.